తొంభై బకెట్ల మిరపవనం

ఒక పెద్ద అడవిలో, ఆషాఢంలో ఒక మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, నూకాలు అనే కుందేలు తన మిరప మొక్కకు నీళ్లు పోస్తోంది. టైము ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఘాట్ రోడ్డులో మొదటి బస్సు ఆ వేళకే మలుపు తిరుగుతూ హారన్ కొడుతుంది. అడవిలో సగం మంది ఆ హారన్‌కే లేస్తారు.

మొక్క నేలలో లేదు, ఇనుప బకెట్‌లో ఉంది. రోడ్డు పనివాళ్లు వాడి పారేసిన బకెట్ అది. అడుగున నాలుగు చిల్లులున్నాయి. నేలలో నాటకపోవడానికి కారణం అటవీ కౌన్సిల్ నిబంధన. అడవి నేలలో వేరు దించిన ప్రతిదీ అడవి ఆస్తి, ఎవరైనా మేయవచ్చు. బకెట్‌లో ఉన్నది మాత్రం పెంచినవారి సొంతం.

నూకాలు మిరప పెంచుతున్నది సరదాకి కాదు. పోయిన మార్గశిరంలో, కొండ కింద వరి కోతలు అయిపోయాక, అడవిపందుల మంద పైకి వచ్చింది. పందులు దుంపల కోసం, పురుగుల కోసం నేల తవ్వుకుంటూ పోతాయి. ఆ తవ్వకంలో నూకాలు పాత బొరియ పోయింది. అందులో ఉన్న నాలుగు పిల్లలూ పోయాయి. మంద పెద్ద పోలయ్య మర్నాడు వచ్చి, "చూసుకోలేదమ్మా" అని చెప్పి వెళ్లాడు.

నూకాలు మేనత్త పోడు చేల పక్కన ఉంటుంది. అక్కడి రైతులు మిరపకాయలు నూరి, తాడుకు పూసి, చేను చుట్టూ కడతారని ఆమె చెప్పింది. పందికి ముక్కే కన్ను. అది మండితే వెనక్కి తిరుగుతుంది. ఈ మాట విన్న రోజే నూకాలు గింజలు తెచ్చుకుంది. మార్గశిరం లోపు యాభై పండు మిరపకాయలు చేతికొస్తే వాటిని తొక్కి బొరియ చుట్టూ పూయవచ్చు. ఈసారి కూడా కార్తీకంలో పిల్లలు పుడతాయి.

ఆ ఉదయం కౌన్సిల్ కార్యదర్శి, ముంగిస సన్యాసిరావు, అటుగా వెళ్తూ ఆగాడు.

"ఏమిటిది?"

"మిరపండి. పందుల కోసం."

"పందులు మిరపకాయలు తింటాయా?"

"తినవండి. అందుకే."

సన్యాసిరావు కాసేపు నిలబడి ఆలోచించాడు. మొక్కను ఒకసారి, బొరియను ఒకసారి చూశాడు. మూడో రోజుకి అది పథకమైంది.

పథకం పేరు ఇంటింటా మహామిరప. కొండవాలున తొంభై బొరియలున్నాయి. తొంభైకీ తలా ఒక బకెట్, ఒక నారు మొక్క. రోడ్డు పని శిబిరం ఎత్తేస్తూ వదిలేసిన బకెట్లు గుట్టగా పడి ఉన్నాయి కాబట్టి ఆ కొరత లేదు. ప్రారంభ సభ చదును బండ మీద జరిగింది. అధ్యక్షుడు అడవిదున్న అప్పలనరసయ్య మాట్లాడాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడతాడు. ఎవరు చెప్పిన మాటైనా ఆయన ఆ వేగంతో మళ్లీ చెప్పేసరికి ఆయనదే అయిపోతుంది.

"పందుల బెడద గురించి నేను చాలాకాలంగా మథనపడుతున్నాను," అన్నాడాయన. "ఒకనాడు నాకు మిరప గుర్తొచ్చింది."

సాంకేతిక సలహాదారుగా కొండముచ్చు జోగారావును పిలిపించారు. జోగారావు టౌన్లో ఒక నర్సరీ రేకుల షెడ్డు మీద రెండేళ్లు ఉండి వచ్చాడు. బకెట్‌లో మొక్క పెంచడం గురించి అడవిలో మాట్లాడగలిగింది ఆయనొక్కడే, నూకాలును వదిలేస్తే. నూకాలును వదిలేశారు.

"మొక్క పెద్దది కావాలంటే పూత కనపడగానే తుంచెయ్యాలి," అన్నాడు జోగారావు. "అప్పుడు బలమంతా కాండానికి పోతుంది. మా నర్సరీలో మనిషి నడుం ఎత్తు మిరప మొక్కలుండేవి. అదీ ఇలాంటి బకెట్లలోనే."

సభ వెనక నుంచి నూకాలు అడిగింది. "మరి కాయలెప్పుడండి?"

"ముందు మొక్కను ఎదగనీ తల్లీ."

"ఎంత ఎదిగాక?"

జోగారావు కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు దూరంగా కొండల వైపు చూసి, "తగినంత," అన్నాడు.

తగినంత అంటే ఎంతో తేల్చడానికి కొలత కావాలి. కొంగ పైడిరాజు లేచి, "నా కాలుందిగా," అన్నాడు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పైడిరాజును ఆ క్షణమే తనిఖీ అధికారిని చేశారు. ఆయన కాలు అధికారిక కొలత అయింది. మొక్క ఒక కాలు ఎత్తు చేరేవరకు పూత నిలవకూడదని తీర్మానించారు. తుంచడానికి పది ఉడుతలతో పూత దళం ఏర్పాటైంది.

"ఎరువు నా తరఫున," అన్నాడు అప్పలనరసయ్య. "ప్రతి శుక్రవారం, ప్రతి బకెట్‌కూ ఒక తట్ట."

చప్పట్లు ఆగాక నూకాలు మళ్లీ లేచింది. "పచ్చి పేడ వేస్తే పురుగు పడుతుందండి. ఆరు నెలలు చివకాలి."

"అధ్యక్షుల వారి ఎరువమ్మా అది," అన్నాడు సన్యాసిరావు.

"ఎవరిదైనా చివకాలండి."

ఎరువుపై సభ్యులు హర్షం వ్యక్తం చేశారని సన్యాసిరావు మినిట్స్‌లో రాశాడు.

శ్రావణం వానలకు మొక్కలు బాగానే లేచాయి. పేడకు ఆకు ముదురాకుపచ్చకు తిరిగింది, కొమ్మలు బలిశాయి. పూత దళం మంగళవారం మంగళవారం వచ్చి పూలు తుంచి, ఆకు దొన్నెల్లో పోసుకుని కార్యాలయానికి తీసుకెళ్లేది. అక్కడ కుప్ప పోసి చూపించాలి. కుప్ప చిన్నదైతే దళం సరిగా పనిచేయనట్టు.

నూకాలు మొక్క పాతది కాబట్టి పూత ముందే వచ్చింది. ఇరవై మూడు పూలు. మొదటి మంగళవారమే పోయాయి.

"ఇవి కాయలయ్యేవి," అంది నూకాలు.

"మాకు తెలీదా అక్కా," అంది దళంలో ఒక ఉడుత, తుంచుతూనే. "మా ఇంట్లోనూ ఉందిగా ఒక బకెట్. దాన్నీ నేనే తుంచాలి."

శ్రావణం చివరికి డెబ్బై మొక్కలు ఒక కాలు ఎత్తు దాటాయి. ఇక పూత వదిలేయాలి. కానీ పూత వదిలేస్తే దళానికి పని ఉండదు, పైడిరాజుకు కొలిచేది ఉండదు, జోగారావుకు చెప్పేది ఉండదు. లక్ష్యం నెరవేరిన కార్యాలయంలో ఎవరూ సంతోషంగా ఉండరు. పైగా, ఒక కాలు ఎత్తు సాధించామని చెప్పగానే అప్పలనరసయ్య తల పంకించి, "రెండు ఎందుకు సాధించకూడదు?" అన్నాడు. ఆయన ఉద్దేశం అభినందనే. కార్యదర్శి దాన్ని ఉత్తర్వుగా రాశాడు. భాద్రపదంలో లక్ష్యం రెండు కాళ్లయింది.

నూకాలు ఒక సాయంత్రం జోగారావును వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన చింత కొమ్మ మీద కూర్చుని తోక వేలాడేసి ఉన్నాడు.

"బాబూ, ఒక మాట. మీ నర్సరీలో ఒక్కో మొక్కకు ఎన్ని కాయలు కోసేవారు?"

"కాయలా?" జోగారావు నవ్వాడు. "కాయ పట్టేదాకా ఏ మొక్క మిగిలేది కాదమ్మా. మా మొక్కలు అంత బాగుండేవి. ఎత్తు చూసి ఎగరేసుకుపోయేవారు."

"అంటే అక్కడ అమ్మేది మొక్కలా?"

"నర్సరీ అంటే మరేమిటి?"

జోగారావు చెప్పినవన్నీ నిజాలే. రెండేళ్లలో ఆయన ఒక్క మిరపకాయ కూడా చూడలేదన్నదీ నిజమే. ఆ సంగతి ఆయన దాచలేదు, ఎవరూ అడగలేదంతే.

అడవిలో నిబంధనలను చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. నూకాలు ఆ రాత్రి కూర్చుని చదివింది. పూత దళం వెళ్లేది రిజిస్టరులో ఉన్న మొక్కల దగ్గరికే. ప్రతి నెలా కొలతలప్పుడు అర కాలు ఎత్తు దాటినవే రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఆమె మొక్క అప్పటికి అర కాలు మీద రెండంగుళాలుంది.

మర్నాడు పొద్దున్నే నూకాలు మొక్క చివుళ్లన్నీ కొరికి తినేసింది. కుందేలుకు అది కష్టమైన పని కాదు.

ఆ వారం పైడిరాజు కొలతకు వచ్చాడు. బకెట్ పక్కన కాలు పెట్టి, కింది నుంచి పైకి చూసి, మళ్లీ పైనుంచి కిందికి చూశాడు.

"మొక్కేదీ?"

"అదేనండి."

"నా మోకాలిక్కూడా రావట్లేదు. ఎరువు వేస్తున్నావా?"

"అధ్యక్షుల వారి ఎరువు కదండీ, భద్రంగా దాచానండి." అది నిజం. బండ వెనక, చివకడానికి, ఆకులు కప్పి దాచింది.

"మరెందుకిలా ఉంది?"

"నేలబారు జాతేమోనండి."

పైడిరాజు జాలిగా చూసి, ఎదుగుదల లేదని రాసుకుని, రిజిస్టరులో పేరు కొట్టేశాడు. మంగళవారం దళం ఆ బొరియ వైపు రాలేదు. ఆ తర్వాత ఏ మంగళవారమూ రాలేదు.

చివురు పోయిన కొమ్మ ఊరుకోదు. ఒకటి రెండై చీలుతుంది. చీలిన చోటల్లా పూత పడుతుంది. ఆశ్వయుజం నాటికి ఆ పొట్టి మొక్క గంప బోర్లించినట్టు గుబురుగా తయారైంది. ఆకుల కింద కాయలు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాకిట్లో ఉంటే కంటపడతాయని నూకాలు బకెట్‌ను రోజుకు కొంచెం చొప్పున నెట్టుకుంటూ బొరియ వెనక ద్వారం దగ్గరికి చేర్చింది.

పక్క బొరియలో ఉండే పందికొక్కు గవరయ్య మొక్క అప్పటికి కొండవాలుకే పెద్దది. కొలత నేల నుంచి అని తెలిశాక ఆయన బకెట్‌ను చీమలపుట్ట మీదికి ఎక్కించాడు. రెండున్నర కాళ్లొచ్చింది.

"ఏటే నూకాలూ," అన్నాడొక రోజు, "నీ మొక్కకి పొద్దు పొడవడం లేదేటి?"

"పొడిచింది మావా, ఎత్తుకే రాలేదు."

"నాది చూడు. నిన్న కొంగ బకెట్ అంచు మీద నిలబడి కొలిచాడు."

"కాయలు ఎన్ని మావా?"

"కాయలకేం, వస్తాయి. ముందు మూడు కాళ్లు కానీ. మూడైతే సన్మానమంట."

"పందులు మార్గశిరంలోనే వస్తాయి కదా."

"కౌన్సిల్ ఉంది కదే," అన్నాడు గవరయ్య. ఆయన మంచివాడు. కిందటేడు నూకాలు పిల్లలు పోయినప్పుడు మూడు రోజులు గడ్డి తెచ్చి పెట్టింది ఆయనే. "అన్ని మొక్కలు చూస్తే పందులకే భయం వేస్తుంది. అయినా నువ్వు దిగులు పెట్టుకోకు. నా మొక్క నీడ నీ గుమ్మం దాకా వస్తోందిగా."

"మావా, ఒక్కసారి బకెట్‌లో మట్టి గెలికి చూడు," అంది నూకాలు.

గవరయ్య గెలికాడు. బొటనవేలంత లావున తెల్లటి పురుగులు, అరచంద్రాల్లా ముడుచుకుని, గుప్పెడు బయటపడ్డాయి. పచ్చి పేడ తిని బలిశాయి.

"ఇవేంటి?"

"శుక్రవారం శుక్రవారం వచ్చినవి."

గవరయ్య చుట్టూ చూసి, మట్టి మళ్లీ కప్పేశాడు. "ఎవరికీ చెప్పకు. సన్మానం ముందు ఇలాంటివి మాట్లాడితే బాగోదు."

కానీ నూకాలు కౌన్సిల్‌కు వెళ్లి చెప్పింది. సన్యాసిరావు విని తలుపు దగ్గరగా వేశాడు.

"ఎన్ని బకెట్లలో?"

"నేను చూసినవన్నిటిలో అండి. పందులకు పురుగంటే ప్రాణం. మనం పిలిచి వడ్డించినట్టవుతుంది."

"పురుగులున్నాయని రాస్తే ఎరువు బాలేదని అర్థం వస్తుందమ్మా. ఎరువు బాలేదంటే..." ఆయన వేసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. "నీ పేరు రిజిస్టరులోనే లేదు కదా. నీకెందుకింత తాపత్రయం?"

"నాకు కార్తీకంలో పిల్లలండి."

సన్యాసిరావు కాగితాలు సర్దాడు. "మాకూ ఇద్దరున్నారు," అని తలుపు తీశాడు.

కార్తీక పౌర్ణమికి రెండు రోజుల ముందు నూకాలుకు అయిదు పిల్లలు పుట్టాయి. ఆ వారమే ఆమె పండు మిరపకాయలు కోసింది. అరవై ఒకటి వచ్చాయి. రాతి మీద వేసి వెనక కాళ్లతో తొక్కింది. మంట దిగడానికి మూడు రోజులు పట్టింది. ఆ ముద్దను బంకమట్టిలో కలిపి బొరియ రెండు ద్వారాల చుట్టూ మూరెడు వెడల్పున అలికింది. ఆ పక్కకు వెళ్లిన ప్రతివారూ తుమ్మారు.

మార్గశిరం మొదటి వారంలో పందులు వచ్చాయి. ఇంకా బస్సు హారన్ కొట్టలేదు, వెలుగు మాత్రం వచ్చింది. బొరియలో నూకాలుకు మొదట వినిపించింది ఒక బకెట్ దొర్లిన చప్పుడు. తర్వాత ఇంకోటి. కొండవాలు పొడవునా ఇనుము రాయికి తగులుతూ ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. చప్పుడు దగ్గరికొస్తోంది. ఆమె అయిదు పిల్లలనూ పొట్ట కిందికి లాక్కుని ఆ చప్పుళ్లు లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది దాకా వచ్చింది. ఎనభై తొమ్మిదోది గవరయ్యది. పుట్ట మీద నుంచి పడింది కాబట్టి చప్పుడు పెద్దగా వచ్చింది.

ఆ తర్వాత ద్వారం దగ్గర ఊపిరి వినిపించింది. వెంటనే ఒక పెద్ద తుమ్ము.

"ఎవరమ్మా లోపల?" పోలయ్య గొంతు.

"నేనేనండి, నూకాలుని."

"ఇక్కడేదో ముక్కుకి కొడుతోంది."

"మిరపండి."

"దారంతా మిరపే కదా. అక్కడ కొట్టలేదే?"

"అవి పెద్ద మొక్కలండి."

పోలయ్య మళ్లీ తుమ్మాడు. ఒకటి కాదు, మూడు. ద్వారం నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సరేలే. ఇవాళ తవ్వే ఓపిక కూడా లేదు. బకెట్ బకెట్‌కీ భోజనమే. ఎన్నేళ్లుగానో తిరుగుతున్నాం గానీ, ఇలాంటి మర్యాద ఏ అడవిలోనూ చూళ్లేదు." కాస్త ఆగి అడిగాడు. "పిల్లలెందరు?"

"అయిదుగురండి."

"ఊఁ," అన్నాడు పోలయ్య. గిట్టల చప్పుడు దిగువకు వెళ్లిపోయింది. ఆరూ పదికి బస్సు హారన్ కొట్టింది.

సమీక్ష సమావేశం మూడో రోజు జరిగింది. మొక్కలన్నీ విరిగి పడి ఉన్నాయి. నివేదిక సన్యాసిరావు చదివాడు.

"పందులు తవ్విన బొరియలు: సున్నా."

సభలో కదలిక వచ్చింది. నిజమే, ఒక్క బొరియ కూడా పోలేదు. కడుపు నిండిన పందులు నేల జోలికి వెళ్లలేదు.

"కిందటేడు పదకొండు," అన్నాడు సన్యాసిరావు. "అంటే పథకం నూరు శాతం ఫలించింది."

అప్పలనరసయ్య నెమ్మదిగా లేచి, "నేను ముందే చెప్పాను," అన్నాడు. ఎప్పుడు చెప్పాడో ఎవరికీ గుర్తు రాలేదు, కానీ అందరూ ఒప్పుకున్నారు. గవరయ్యకు సన్మానం జరిగింది. విరిగిన మొక్కను నేల మీద పడుకోబెట్టి కొలిస్తే వేరుతో కలిపి మూడు కాళ్లు సరిగ్గా వచ్చింది.

"వచ్చే ఏడు పురుగు చాలకపోతే?" అని నూకాలు అడిగింది.

"వచ్చే ఏడు ఎరువు రెండు తట్టలు," అన్నాడు అధ్యక్షుడు, ఆమెకు భరోసా ఇస్తున్నట్టు.

నివేదికలో చివరి పేరా ఒకటి మిగిలింది. తొంభై బకెట్లలో ఎనభై తొమ్మిది వినియోగమయ్యాయి. ఒక్కటి వినియోగంలోకి రాలేదు. పైగా దాని యజమాని ఎరువును బండ వెనక పడేసినట్టు తనిఖీలో తేలింది. ఆమెకు నోటీసు ఇచ్చారు.

ఆ తర్వాత పందుల మంద నుంచి కౌన్సిల్‌కు ఒక వినతిపత్రం వచ్చింది. నలభై ఒక్క గిట్టల ముద్రలున్నాయి. ఇంత మంచి పథకాన్ని ఏటా కొనసాగించాలని కోరారు. ఒక్క ఇంటి ముందు మాత్రం ముక్కు మండిందని, ఇది అతిథులను ఆదరించే పద్ధతి కాదని కింద రాశారు. కౌన్సిల్ వెంటనే స్పందించింది. నూకాలు బకెట్‌పై విచారణకు ఆదేశించింది. ఉత్తర్వు మీద సంతకం సన్యాసిరావుది.

ఈ కథకు నీతి కావాలంటే ఇది: ఎత్తు వాకిట్లో పెంచాలి, కాయ పెరట్లో కాయించాలి.

కొన్ని రోజుల తర్వాత ఇంకో విషయం తెలిసింది. విచారణకు ఆదేశించిన ఆ వారమే నూకాలు బొరియ వెనక ద్వారం దగ్గరికి మిరప గింజల కోసం పదహారు మంది వచ్చారు. వాళ్లలో మొట్టమొదట వచ్చింది సన్యాసిరావు భార్య.